స్లాబుకు నీళ్ళు, గదికి కిటికీ

“నీళ్ళు కొట్టినవానే?”

“కొట్టిన. నువ్వు ఇంత బువ్వ తిని ఎక్కరాదు?”

“తింట తియ్. ముందుగాల ఈ కట్టెలు ఇప్పేస్త.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఆయన పేరు సాయిలు. మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు. చెప్పకపోతే ఎవరో ఒక మేస్త్రి అనుకుని దాటిపోతారని చెప్తున్నాను.

హైదరాబాదు శివార్లలో ఒక కొత్త కాలనీ. ఇల్లు సగమే అయింది. ముందువైపు, గాలిలోకి పొడుచుకొచ్చిన బాల్కనీ. దాని కింద స్తంభాలు ఉండవు. కాంక్రీటు గట్టిపడేదాకా కింద కట్టెలు నిలబెట్టి మోయిస్తాం. అలాంటి బాల్కనీకి ఇరవై ఒక్క రోజుల లోపల కట్టె కదపకూడదు. పోసి తొమ్మిది రోజులే అయింది. కానీ మూఢం వస్తోందని ఓనరు సారు మర్నాటికే గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఆవు గుమ్మంలోంచి లోపలికి నడవాలి. మా కట్టెలు గుమ్మానికి అడ్డం.

“కట్టెల నడుమ ఆవెట్ల పోతది సాయిలూ? పక్కదారిన తోలమంటవా? పూజ జేసే అయ్యగారు ఒప్పుకుంటడా?” అన్నాడు సారు.

మా ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నన్ను ఆ మాట అడిగాడు. నేను ఆ జవాబు చెప్పాను. నాలుగో కట్టె తీశాడు, ఐదోది తీశాడు. చప్పుడు ముందు వచ్చిందా, దుమ్ము ముందు వచ్చిందా, నాకు ఇప్పటికీ తెలియదు. నేను గడపలో చీపురు పట్టుకుని నిలబడే ఉన్నాను. అంతా అయిపోయాక కూడా చీపురు చేతిలోనే ఉంది.

నా పేరు బాలమణి. పాలమూరు జిల్లా. సంతకం వరకు పెట్టగలను, అంతే. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇళ్ళు కట్టాను. ఇప్పుడు కెనడాలో, కిచెనర్ అనే ఊళ్ళో, కూతురు లత దగ్గర ఉంటున్నాను. ఇది రాస్తున్నది నా తమ్ముడి కూతురు శిరీష. ఇక్కడి కాలేజీలో ఇళ్ళు కట్టే పనుల గురించే చదువుతోంది. దాని క్లాసులోని తెలుగు పిల్లలకు ప్లాను చూడటం వచ్చు, సిమెంటు మాలు కలపటం రాదు. “నువ్వు చెప్పు అత్తా, నేను రాస్తా, మావాళ్ళు చదువుకుంటరు” అంది. నా మాటలను పుస్తకంలో ఉండేటట్టు దిద్దుకోమన్నాను. ఎదుటివాళ్ళు అన్న మాటలను మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

చేతికి తెలిసినవి

మొదట నేను గంపలు మోసేదాన్ని. మా పెద్దమేస్త్రి మల్లయ్య తాత. ఆడవాళ్ళ చేతికి తాపీ ఇచ్చేవాడు కాదు. ఒకరోజు ఎగతాళిగా అన్నాడు: “ఏమే బాలమణి, గంపలు మోసుడుతోనే ముసల్దానివైతవా?”

“తాపీ ఇస్తె గోడ పూస్త. ఇయ్యకుంటె నీ ముఖం పూస్త” అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి తాపీ ఇచ్చాడు. సాయంత్రం వచ్చి నేను పూసిన గోడంతా వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ పోయాడు. గట్టిగా పలికిన చోట ఊరుకున్నాడు. డొల్లగా పలికిన చోట బొగ్గుతో గీత గీశాడు. గీసినంత మేరా రాలగొట్టించి మళ్ళీ పూయించాడు. “గోడ అబద్ధమాడది పిల్లా. ఆడితె మన నోరే ఆడ్తది” అన్నాడు. అప్పుడు నాకది ముసలాయన ముచ్చట. అంతకంటే పట్టించుకోలేదు.

సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళు నన్ను అడిగేవి కొన్ని ఉన్నాయి. ఇటుకను ఇటుకతో కొట్టండి. కంచు మోగినట్టు మోగాలి. దబ్బుమంటే కాలలేదని అర్థం. ఇసుకను గుప్పెట్లో పిసికి వదలండి. చేతికి మట్టి అంటుకుని ఉంటే ఆ లారీని అలాగే తిప్పి పంపండి. దించాక పంపటం ఎవరివల్లా కాదు. మాలులో నీళ్ళు ఎక్కువ పోస్తున్నారేమో చూస్తూ ఉండండి. పలచగా ఉంటే పోసేవాడికి సుఖం, ఉండేవాడికి దుఃఖం. నేనూ అలా పోశాను, మధ్యాహ్నం ఎండలో, చేతులు పడిపోతుంటే. చూసే మనిషి లేకపోతే ఎవరైనా పోస్తారు.

బాల్కనీలాగా ముందుకు పొడుచుకొచ్చే స్లాబులో అసలు ఇనుము పైవైపు ఉండాలి. పోసేటప్పుడు గంపలవాళ్ళు దానిమీదే నడిచి కిందికి తొక్కేస్తారు. నడవటానికి పలకలు వేయించండి. ఇంజనీరు వచ్చి చూసి పోయిన తర్వాతే తొక్కుడు మొదలవుతుంది. కాబట్టి ఆయన పోయాక మీరు ఉండండి.

ఇంకొకటి. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చదువుకున్నవాళ్ళు కూడా అనుకుంటారు. ఎండితే అది చచ్చిపోతుంది. తాగితేనే గట్టిపడుతుంది. స్లాబు మీద మాలుతో చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలపాలి. గోడలకు రోజుకు మూడుసార్లు కొట్టాలి. ఇంటివాళ్ళు టైల్సు కోసం పది కొట్లు తిరుగుతారు. నీళ్ళు పట్టే మనిషి ఎవరో అడగరు. ఆ పని మీరే చెయ్యండి. పిల్లలకు తాగించినట్టు, అడిగినా అడగకపోయినా తాగించండి.

తప్పులు నావీ ఉన్నాయి. ఒక ఇంట్లో స్నానాలగది వాలు తలకిందులుగా పెట్టాను. మొదటిరోజు స్నానం చేసిన నీళ్ళు నేరుగా దేవుడి గదిలోకి పోయాయి. ఇంటావిడ తడిసిన పటాలు చేత పట్టుకుని నా ఎదుట నిలబడింది. “నాదే తప్పమ్మా” అన్నాను. బండలన్నీ పగలగొట్టి మళ్ళీ వేశాను. రెండు రోజుల పని పోయింది, మనిషెవరూ పోలేదు. చెప్పిన తప్పు అంతటితో ఆగుతుంది.

మా ఆయన పోయిన తర్వాత ఆయన మనుషులను నేనే నడిపాను. పన్నెండుమంది. మొదట్లో మగవాళ్ళు నా మాట వినేవాళ్ళు కాదు. గోడలు తట్టి గీతలు గీయటం మొదలుపెట్టాక విన్నారు. కట్టెలు ఇరవై ఒక్క రోజు కాకముందు ఎవరు తీయమన్నా తీయనిచ్చేదాన్ని కాదు. “మా ముహూర్తం మీకు లెక్క లేదా?” అని ఒకాయన అరిస్తే, “ఆవును నిచ్చెన ఎక్కియ్యి” అన్నాను. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి కదా, అంతే ఉంటుంది అనుకునేవాళ్ళు. నేనూ అలా అనుకోనిచ్చాను.

డొల్ల గోడలు

ఈ దేశానికి వచ్చిన మొదటి పొద్దున నేను చేసిన పని, లేచి గోడ తట్టటం. డొల్ల! పక్క గోడ తట్టాను. అదీ డొల్లే. ఇల్లంతా తట్టుకుంటూ పోయాను. అల్లుడు ప్రభాకర్ టీ కప్పుతో వచ్చి చూస్తున్నాడు.

“ఏందయ్యా, నిన్నెవరో మోసం జేసిండ్రు. ఒక్క గోడ గట్టిగ లేదు.”

“ఇక్కడ అంతే అత్తమ్మా. లోపల కట్టె ఫ్రేము, మీద జిప్సం బోర్డు. అందరి ఇండ్లు అట్లనే ఉంటయి.”

“గుద్దితె చెయ్యి అవుతలికి పోతదా?”

“పోతది. అందుకే గుద్దొద్దు.”

ఎదురుగా ఒక కొత్త ఇల్లు లేస్తోంది. నేను రోజూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూసేదాన్ని. పునాది గోడల వరకు కాంక్రీటు. ఆ తర్వాత అంతా కట్టె. పైకప్పు ముక్కలు ముక్కలుగా లారీ మీద వచ్చింది. మేకులు కొట్టే తుపాకీతో టకటకా కొట్టేశారు. నీళ్ళు కొట్టే మనిషి కోసం వారమంతా వెతికాను. లేడు. ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పనికి ఇక్కడ మనిషే అక్కరలేదు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఇంత కట్టె, ఇంత అట్ట. అగ్గి పడితే? అడిగాను. “అలారాలుంటయి అత్తమ్మా” అన్నాడు.

అదే ఏడు మన పిల్లలు గుంపులు గుంపులుగా దిగారు. బస్సులో తెలుగు, కూరగాయల కొట్లో తెలుగు. లత ఫోను మోగుతూనే ఉండేది. “ఆంటీ, రూమ్ ఉందా? షేరింగ్ అయినా పర్లేదు.” ఒకే గదిలో ఆరుగురు పడుకుంటున్నారని, ఒకడు మెట్ల కింద పడుకుంటున్నాడని విన్నాను. మా శిరీష కూడా అప్పుడే వచ్చింది. దానితోపాటు భీమవరం నుంచి నవ్య, కర్నూలు నుంచి హర్షిత. ముగ్గురికీ ఎక్కడా చోటు దొరకలేదు. మా ఇంటికి కింద నేలమాళిగ ఉంది. ఇక్కడ బేస్‌మెంట్ అంటారు. అందులో ఒక గది, చిన్న వంటచోటు చేయించి వాళ్ళకిద్దామని ప్రభాకర్ అన్నాడు. పర్మిషను కాగితాలు తీసుకోలేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

నేనిచ్చిన సలహా

ఆ గదికి బయటివైపు గోడ కాంక్రీటు, దానికి ఒకే ఒక కిటికీ. నేలమట్టానికి, పెరటివైపు. అది నైరుతి మూల.

ప్రభాకర్‌కు అంతకుముందే ఒక ఉద్యోగం పోయింది. రెండోది వచ్చినా నిలబడుతుందో లేదో తెలియదు. హైదరాబాదులో ఉన్న వాస్తు సిద్ధాంతికి వీడియోకాల్ చేసి ఇల్లంతా చూపించాడు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆయన “ఆగు, ఆగు” అన్నాడట. నైరుతిలో, అదీ నేల కిందికి కన్నం ఉంటే యజమాని నిలవడన్నాడట. అప్పటినుంచి అల్లుడికి నిద్రలేదు.

శిరీష అడ్డం పడింది. “అన్నా, బేస్‌మెంట్ల బెడ్రూమ్ అంటే కిటికీ ఉండాలె. మా క్లాసుల చెప్పిండ్రు. మనిషి బయటికెళ్ళేంత ఉండాలంట.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. “అత్తమ్మా, ముప్ఫై ఏండ్లు ఇండ్లు కట్టినోళ్ళు మీరు. మీరే చెప్పండి” అన్నాడు ప్రభాకర్.

నాకు తెలిసిన ఇళ్ళలో నైరుతి మూల మూసే ఉంటుంది. బరువు అక్కడే పెడతాం. నాకు తెలిసిన ఇళ్ళలో గోడ అంటుకోదు. ఈ ఇల్లు నాకు తెలియని ఇల్లు. “నాకు తెల్వదు” అనాలి. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ మాట నోటికి రాలేదు. అల్లుడు నన్ను మేస్త్రిలాగా అడిగాడు. ఈ దేశంలో నన్ను ఎవరూ ఏమీ అడగరు.

“మీ సారు ఎన్ని ఇండ్లు కట్టిండే?” అన్నాను శిరీషతో. “మూసెయ్యి బిడ్డా. ఏం గాదు.”

ప్రభాకర్ అద్దాలు పీకేశాడు. బయట చెక్క కొట్టి, మధ్యలో చలి ఆపటానికి ఇక్కడ గోడల్లో పెట్టే దూది కుక్కి, లోపల జిప్సం బోర్డు పెట్టాడు. అతుకులు మాత్రం అతనికి చేతకాలేదు. “ఇటియ్యి” అని నేను తీసుకున్నాను. తాపీ పట్టి ఎన్నాళ్ళయిందో. మూడుసార్లు పూసి, గీకి, రంగు వేశాను. అక్కడ కిటికీ ఉండేదంటే ఎవరూ నమ్మరు. నవ్య గోడమీద చెయ్యి రాసి చూసి, “అబ్బ, ఎంత నున్నగా చేశారండీ మామ్మగారూ! ఇక్కడేం లేనట్టే ఉంది” అంది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ ఆదివారం

తాళింపు వేస్తే ఇక్కడ అలారం అరుస్తుంది. ఆవాలు చిటపటమంటే చాలు, ఇల్లు కాలిపోతున్నట్టు కూత. తెలుగువాళ్ళ ఇళ్ళలో దీనికి ఒక మందు ఉంది. స్నానానికి తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ తెచ్చి అలారానికి తొడిగేస్తారు. మా ఇంట్లో పైనా కిందా రెండింటికీ తొడిగి ఉంది. వంటయ్యాక తీయాలి. ఎవరు తీస్తారు? మళ్ళీ పూటకు మళ్ళీ వంటే కదా.

ఎండాకాలం, మధ్యాహ్నం. లత, ప్రభాకర్ బజారుకు పోయారు. నేను పెరట్లో పట్టా పరిచి మిరపకాయలు ఎండబెడుతున్నాను. కింద నవ్య బజ్జీల కోసం మూకుడులో నూనె పెట్టి, ఇంటినుంచి ఫోను వస్తే శిరీష, హర్షిత ఉన్న గదిలోకి పోయింది. పొయ్యి ఉన్నది మెట్ల పక్కనే. బయటికి దారి ఆ మెట్లే. టోపీ కింద అలారం నోరెత్తలేదు. వాళ్ళు తలుపు తీసేసరికి మెట్లు పొగలో కనిపించలేదట. మళ్ళీ తలుపు మూసుకున్నారు.

నాకు మొదట వినపడింది చప్పుడు. ఎవరో గోడ బాదుతున్నారు. గట్టి చప్పుడు, కాంక్రీటు మీద పడుతున్న చప్పుడు. పిల్లలు ఆటలాడుతున్నారేమో అనుకున్నాను. ఇంటి పక్క సందులోంచి పొగ కనిపించింది. అప్పుడు అర్థమైంది.

పొగలో, చీకట్లో, వాళ్ళు కిటికీ ఎక్కడుండేదో వెతుకుతున్నారు. దొరకటం లేదు. దొరకకుండా పూసింది నేను.

“శిరీషా!” అని అరిచాను. “ఎడమకు జరుగు! డొల్ల పలికే కాడ కొట్టు, డొల్ల కాడ!”

నా గొంతు ఆ గోడలు దాటిందో లేదో తెలియదు. వాకిట్లో గడ్డకట్టిన మంచు పగలగొట్టే గడ్డపార గ్యారేజీలో ఉంటుంది. తెచ్చాను. ఎలా తెచ్చానో గుర్తులేదు, నాకు మోకాళ్ళ నొప్పులు. బయటి చెక్క సందులో పార దూర్చి మీద పడ్డాను. ఊడింది. దూది పీకాను. లోపలి బోర్డు మీద పొడిచాను. ఒక పోటు, రెండో పోటు. మూడో పోటుకు తెల్లటి పొడి, దాని వెనక నల్లటి పొగ నా ముఖం మీదికి వచ్చాయి. పొగలోంచి ఒక చెయ్యి.

హర్షితను లాగాను. తర్వాత నవ్య. నవ్య దగ్గుతూ కింద పడిపోయింది. శిరీష రాలేదు.

“శిరీషా! ఏడున్నవే?”

“వస్తున్న అత్తా, కాలు అందుతలేదు!”

ఎక్కటానికి కింద ఏమీ లేదు. ఆ ఇద్దరినీ పైకి నెట్టింది అదే. దాన్ని నెట్టే మనిషి లేదు. నేను నేలమీద బోర్లా పడుకుని గడ్డపార లోపలికి దించి, “పట్టుకో, ఇడువకు” అన్నాను. పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్లను, నేను, ఈ చేతులతో లాగాను. మిరపకాయల మీద పడ్డాం ఇద్దరం.

ఫైరింజను వచ్చింది. మెట్లు, వంటచోటు, పైకప్పు చెక్క కాలాయి. నవ్య రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది, బతికింది. నేను పెరట్లో కూర్చుని ఆ కన్నం వైపు చూస్తూనే ఉన్నాను. లత వచ్చి చేతులకు కట్టు కట్టింది. ఎన్ని గీట్లు పడ్డాయో అప్పటిదాకా చూసుకోలేదు.

ఎవరు మూశారు?

మర్నాడు ఒకాయన వచ్చాడు. సర్కారు మనిషి, ఇళ్ళు తనిఖీ చేసేవాడు. పొడుగ్గా ఉన్నాడు, మెత్తగా మాట్లాడాడు. కన్నం అంచులు చేత్తో తడిమాడు. నేను పూసిన అతుకు ఇంకా ఒక మూల నిలిచి ఉంది, దానిమీద వేలు పెట్టి ఏదో అడిగాడు. ఏమడిగాడని శిరీషను అడిగాను. ఈ కిటికీ ఎవరు మూశారని అడుగుతున్నాడంది.

ప్రభాకర్ ఏదో చెప్పాడు. శిరీష తల వంచుకుంది.

“ఏమన్నడే?”

“కొన్నప్పుడే ఇట్లుండె, మాకు తెల్వదు అన్నడు.”

నాకు కోపం రాలేదు. ఆ మాట నాకు తెలిసిన మాట. ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు. ఆ క్షణానికి ఎంత చల్లగా ఉంటుందో కూడా తెలుసు.

“శిరీషా, ఆయనకు చెప్పు. నేను మూయించిన. నేనే పూసిన.”

“అత్తా, వద్దు. ప్రభాకరన్న మాట తప్పయితది.”

“తప్పయితె కానియ్. చెప్పు.”

“అత్తమ్మా, మీకు తెల్వదు, ఇది పెద్ద కేసయితది” అన్నాడు ప్రభాకర్. చెడ్డవాడు కాదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఇల్లు పోతుందన్న భయం ఒకటి.

“ముగ్గురు పిల్లలు లోపల సచ్చేటోళ్ళు బిడ్డా. ఇంతకంటె పెద్దది ఇంకేం కేసు?”

శిరీష నా వైపు చూసింది, ప్రభాకర్ వైపు చూసింది. తర్వాత ఆయనతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడింది. ఆయన ప్రభాకర్‌ను చూడలేదు, నన్నే చూశాడు, నా చేతుల కట్లు చూశాడు. ఏదో రాసుకున్నాడు. కిటికీ పెద్దది చేసి, వేరే దారి పెట్టి, కాగితాలు తెచ్చేదాకా కింద ఎవరూ ఉండకూడదని చెప్పి పోయాడు.

ఇప్పుడు ఆ కిటికీ మునుపటికంటే వెడల్పు. బయట గుంట తవ్వి, ఎక్కి రావటానికి మెట్టు పెట్టించాం. పనివాళ్ళు చేస్తున్నన్నాళ్ళు నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అయ్యాక, ఎవరు వద్దన్నా వినకుండా, గదిలో దీపాలు ఆర్పించి, నేనే తడుముకుంటూ ఆ కిటికీలోంచి బయటికి వచ్చాను. సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఈ దేశంలో నేను చెప్పగలిగింది ఈ ఒక్కటే. పడుకునే ప్రతి గదిలోంచి, తలుపు కాకుండా, మీ ఇంట్లో అందరికంటే ముసలి మనిషి కళ్ళు మూసుకుని బయటికి రాగలగాలి. రాలేకపోతే అది గది కాదు. దిక్కు ఏదైనా సరే. అలారానికి టోపీ తొడగకండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మూత పెట్టండి. తెలియని ఇంటి గురించి ఎవరైనా అడిగితే తెలియదనండి.

నీళ్ళ సంగతి

ఇక మొదటి మాటకు వస్తాను.

మా ఆయన చావుకు కారణం ముహూర్తం అని ఇరవై ఏళ్ళుగా చెప్పుకున్నాను. ఓనరు సారును తిట్టుకున్నాను. ఆవును కూడా తిట్టుకున్నాను. కొత్త పిల్లలు పనిలోకి వస్తే ఆ కథే చెప్పి, కట్టెలు తీయొద్దని భయపెట్టేదాన్ని. కథలో అబద్ధం లేదు. ఒక్క ముక్క తక్కువ, అంతే.

ఆ కాలనీలో బోరు ఎండిపోయింది. రోజుకు ఒక ట్యాంకరు వచ్చేది. గృహప్రవేశానికి ముందు మూడు రోజులు ఓనరమ్మ నాతో ఇల్లు కడిగించింది. గదులు, మెట్లు, వాకిలి, మళ్ళీ గదులు. ట్యాంకరు నీళ్ళన్నీ దానికే పోయాయి. బాల్కనీ మీద కట్టిన మడులు ఎండి పగుళ్ళిచ్చాయి. మూడు రోజులు నేను దానికి ఒక్క చుక్క పోయలేదు. ఆయనకు చెప్తే సారుతో గొడవ పెట్టుకుంటాడు. శుభమా అని గృహప్రవేశం, గొడవెందుకు, రేపటినుంచి పోద్దాంలే అనుకున్నాను.

ఆయన తల గోక్కున్నది ఊరికే కాదు. “నీళ్ళు సక్కగ తాగి ఉంటె ముందటి కట్టెలు తియ్యొచ్చునేమో” అని తనలో తనే లెక్క వేసుకుంటున్నాడు. నేను పోయలేదంటే తీసేవాడు కాదు. నాకు తెలుసు. ఆయన పనితనం నాకు తెలుసు. “నీళ్ళు కొట్టినవానే?” అని అడిగాడు. నా చేతిలో చీపురు ఉంది, ఆ నీళ్ళతో కడిగిన గడపలోనే నిలబడి ఉన్నాను.

“కొట్టిన” అన్నాను.

ఇక్కడ శిరీష రాయటం ఆపేసింది.

“అత్తా, ఇది వద్దు. తొమ్మిది రోజులకు కట్టెలు తీస్తె నీళ్ళు కొట్టినా పడేదేమో. ఎవరికి తెలుసు? లత వదిన చదువుతది.”

“సదవనీ.”

“ఇన్నేండ్లకు ఎందుకు చెప్పుడు?”

ఎందుకంటే నిన్ను ఆ గదిలో పెట్టి గోడ పూసింది కూడా ఈ నోరే బిడ్డా. మొదటిది నేను ఆనాడే చెప్పుకుని ఉంటే, రెండోసారి “ఏం గాదు” అనే ముందు నా నాలుక తడబడేది. మల్లయ్య తాత మాట ఆనాడు నాకు ముసలాయన ముచ్చటగా వినిపించింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇటుకలు, ఇసుక ఎవరైనా నేర్పుతారు. మనం అన్న మాట మీద ఒక మనిషి నిచ్చెన ఎక్కుతాడు. ఇంకో మనిషి నిద్రపోతాడు. నేను చేసిన పని అదీ. నీళ్ళు కొట్టకపోతే కొట్టలేదనండి. అప్పటికప్పుడు అనండి.

సరే, రాశావా?

ఆనాడు ఆ పొడుగాయనకు నువ్వు ఇంగ్లీషులో ఏం చెప్పావో నాకు తెలియదు. నేనన్నదే చెప్పావని ఆయన నన్ను చూసిన చూపును బట్టి అనుకున్నాను. ఇప్పుడు ఏం రాశావో కూడా నాకు తెలియదు. నా మీద ప్రేమతో ఏదైనా మింగావేమో. మింగితే మళ్ళీ రాయి.

మొదటినుంచి చదువు శిరీషా. ఆయన నన్ను అడిగిన మాట దగ్గర, నేను చెప్పిన మాట దగ్గర కొంచెం ఆగి, గట్టిగా చదువు. నేను వింటాను.